నెలనెలా వేసుకునే బీపీ, షుగర్ మందులు: ఎక్కడ కొంటే మేలు?

జ్వరానికో దగ్గుకో ఒకసారి కొనే మందు ఎక్కడ కొన్నా పెద్ద తేడా పడదు. ఇంటి లెక్క తప్పేది నెలనెలా ఆగకుండా కొనే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రలతోనే. ఆరోగ్యశ్రీ అయినా, మామూలు ఆరోగ్య బీమా అయినా ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన వాళ్లకే. డిశ్చార్జ్ తర్వాత కొద్దిరోజుల మందులు అందులో కలుస్తాయి గానీ, ఏళ్ల తరబడి మింగే మాత్ర ఖర్చు జేబులోంచే పోవాలి.

ముందు వీధి చివరి మెడికల్ షాపు సంగతి. బోర్డు మీద 20 శాతం తగ్గింపు అని ఉంటుంది. ఎంత మీద తగ్గింపు అన్నదే ప్రశ్న. లెక్క కోసం, మాత్ర 14 రూపాయల బ్రాండ్ అనుకుందాం. తగ్గింపు పోగా 30 మాత్రలకు 336 రూపాయలు. అదే మందు మరో కంపెనీది మాత్ర 2 రూపాయలకే దొరికితే తగ్గింపేమీ లేకుండానే 60. అంటే బిల్లు తేలేది షాపు కౌంటర్ దగ్గర కాదు, డాక్టరు చీటీ రాసే బల్ల దగ్గర. చీటీలో ఉన్న బ్రాండ్ బదులు అదే మందు మరో కంపెనీది ఇవ్వాలన్నా డాక్టరు ఒప్పుకోవాలని డ్రగ్స్ రూల్స్ చెబుతున్నాయి. అందుకే అడగాల్సింది అక్కడే: “డాక్టరు గారూ, బ్రాండ్‌తో పాటు అసలు మందు పేరు కూడా రాస్తారా? జనరిక్, అంటే పెద్ద బ్రాండ్ కాని అదే మందు, తీసుకోవచ్చా?”

అదే షాపులో “జనరిక్ ఉందండీ, సగం ధరకే ఇస్తాను” అంటే వెంటనే మురిసిపోనక్కర్లేదు. షీటు మీద 100 అని అచ్చయి, షాపుకి 20కే పడిందనుకోండి. 50కి ఇచ్చినా ఆయనకి 30 మిగులుతుంది. ఎంఆర్‌పీ నుంచి ఎంత తగ్గించారని కాదు, మాత్ర ఎంతకి పడిందని చూడాలి. ధరల అదుపు సంస్థ ఎన్‌పీపీఏ వారి ‘ఫార్మా సహీ దామ్’ యాప్‌లో వెతికితే ఒకే మందుకి వేర్వేరు బ్రాండ్ల ధరలు కనిపిస్తాయి. అత్యావశ్యక మందుల జాబితాలోని వాటికి గరిష్ఠ ధర ఉంటుంది గానీ, అది ఆ మోతాదుకి, ఆ రూపానికే. విడిగా జాబితాలో ఉన్న రెండు మందుల్ని కలిపి ఒకే మాత్రగా చేస్తే ఆ గరిష్ఠ ధర దానికి నేరుగా వర్తించదు. ‘రెండూ ఒకే మాత్రలో’ అన్న సౌకర్యానికి చాలాసార్లు అదనంగా డబ్బు కట్టేది ఇందుకే.

ఆన్‌లైన్‌లో ధర పోల్చుకోవడం తేలిక. కానీ డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి అక్కర్లేని టానిక్కు, ప్రొటీన్ పొడి బుట్టలో వేస్తే ఆదా అయింది అక్కడే పోయింది.

ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న మందులకైతే మా ఓటు జన ఔషధికే, అంటే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే జనరిక్ మందుల షాపులకే. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ ఈ కోవలోవే. 2008లో మొదలైన ఈ షాపులు దేశంలో ఇప్పుడు 15 వేలు దాటాయి. ఇబ్బంది స్టాకుతోనే. కాబట్టి మాత్రలు అయిపోయిన రోజు కాదు, వారం ముందే వెళ్లాలి. ‘జన ఔషధి సుగమ్’ యాప్‌లో దగ్గరి షాపు, మందు ధర చూసుకోవచ్చు. ఇంకో జాగ్రత్త: అడిగింది లేదని అదే కౌంటర్ మీద బయటి కంపెనీ షీటు పెడితే, ఆ షీటు మీద జన ఔషధి గుర్తు ఉందో లేదో తిప్పి చూడండి.

సర్కారు దవాఖానాలో, పీహెచ్‌సీలో, హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో ఈ మందులు ఉచితం. అయితే నెల మందు ఒకేసారి ఇస్తే ఒక లెక్క, పది రోజులకోసారి రమ్మంటే ఆటో ఛార్జీ, పోయిన కూలీ కలిపి ఇంకో లెక్క. రోజుకూలీ చేసే ఇంట్లో ఆ ‘ఉచితం’ కంటే జన ఔషధిలో కొనడమే చౌక కావచ్చు. ఇంకొకటి, చీటీలో మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (ఒంట్లో నెమ్మదిగా విడుదలయ్యే రకం) అని ఉండి, అక్కడ మామూలు మెట్‌ఫార్మిన్ ఇస్తే వేసుకునే వేళలు మారతాయి. డాక్టర్నో ఫార్మసిస్టునో అడగకుండా పాత పద్ధతిలోనే వేసుకోకూడదు.

ఇన్సులిన్ దగ్గర పోలిక వేరు. మన దగ్గర మామూలుగా దొరికే 10 ఎంఎల్ సీసాలో ఎంఎల్‌కి 40 యూనిట్లు, మొత్తం 400. పెన్నులో వేసే 3 ఎంఎల్ కార్ట్రిడ్జ్‌లో ఎంఎల్‌కి 100 చొప్పున 300. రోజుకి 30 యూనిట్లు, రెండు పూటలా వేసుకునే వారికి నెలకి 900 కావాలి. పెన్నులో ప్రతిసారీ 2 యూనిట్లు బయటికి వదిలి చూసుకోవాలి కాబట్టి ఇంకో 120. అంటే మూడు కార్ట్రిడ్జ్‌లు చాలవు, నాలుగోది తెరవాలి. యూనిట్ లెక్కన సాధారణంగా సీసానే చౌక. కానీ దానికి ఎర్ర మూత 40 సిరంజే వాడాలి. నారింజ మూత 100 సిరంజితో సీసాలోది అదే గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది రెండున్నర రెట్లు తక్కువ. చూపు మసకగా ఉన్న పెద్దవాళ్లకి పెన్నే మేలు, ఖర్చయినా సరే.

చౌక కోసం కంపెనీ మార్చకూడని మందులూ ఉన్నాయి. థైరాక్సిన్, ఫిట్స్ మందులు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ విషయంలో మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా తేడా చేస్తుంది. ఏదో ఒక కంపెనీ మీద నిలవాలి. తప్పక మారిస్తే డాక్టరుకి చెప్పి, మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

బీపీ, షుగర్ మాత్రలు కొత్త కంపెనీకి మారేటప్పుడు మూడు నెలలవి ఒకేసారి కొనకండి. డాక్టరు సరేనన్నాక రెండు మూడు వారాలకి సరిపడా తీసుకుని, ఇంట్లో బీపీ, పరగడుపు షుగర్ రాసుకోండి. టెల్మిసార్టాన్ మాత్రల్ని మాత్రం షీటులోంచి తీసి వారం డబ్బాలో సర్దొద్దు. అవి గాల్లోని తేమను పీల్చుకుంటాయి.