పైథాన్‌లో ఎస్‌క్యూలైట్: ఆరేళ్లు వాడాక

ఒక గ్రంథాలయం పుస్తకాల లెక్క చూసే ప్రోగ్రామ్‌ని నేనే రాశాను. ఆరేళ్లుగా అది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీదే నడుస్తోంది. సభ్యులు, పుస్తకాలు, అరువులు అని మూడు టేబుళ్లు. పైథాన్ 2.5 నుంచీ దీన్ని వాడుకునే మాడ్యూల్ (sqlite3) భాషతోపాటే వస్తోంది కాబట్టి విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు. సర్వర్ లేదు, పాస్‌వర్డ్ లేదు, డేటాబేస్ అంతా ఒకే ఒక్క ఫైలు. మొదలుపెట్టిన పూటే టేబుళ్లు కట్టి, డేటా ఎక్కించి, కావలసింది అడిగే క్వెరీలు రాసేశాను.

ఆరేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. ఎస్‌క్యూలైట్ మన డేటాకి కాపలా కాస్తుంది, కానీ కాయమని మనం చెప్పాలి. చెప్పకపోతే తప్పు డేటాని కూడా నోరు మెదపకుండా తీసుకుంటుంది.

నాకు పెద్ద దెబ్బ ఫారిన్ కీ దగ్గర తగిలింది. అరువుల టేబుల్‌లో సభ్యుడి నంబరుకి ఫారిన్ కీ, అంటే ఆ నంబరు సభ్యుల టేబుల్‌లో ఉండి తీరాలనే నియమం, రాసుకున్నాను, ఇక భయం లేదనుకున్నాను. రెండో ఏడాది లెక్క చూస్తే బయట ఉన్న పుస్తకాలకూ, జాబితాలో వచ్చిన పేర్లకూ పొంతన కుదరలేదు. లెఫ్ట్ జాయిన్‌తో అరువులన్నిటికీ సభ్యుల పేర్లు జతచేసి, పేరు నల్ (ఖాళీ) వచ్చిన వరుసలు తీస్తే 17 తేలాయి. పుస్తకాలు ఇంకా వెనక్కి ఇవ్వని సభ్యుల వివరాలు ఎప్పుడో డిలీట్ అయిపోయాయి, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కారణం ఏమిటంటే, ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ‘ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్’ అని ఇవ్వాలి (ప్రాగ్మా అంటే ఎస్‌క్యూలైట్‌కి ఇచ్చే ప్రత్యేక ఆదేశం). ఒకసారి ఇస్తే ఫైల్లో నిలిచిపోయే సెట్టింగ్ కాదది. ఆన్ చేసినా పాత తప్పుల్ని వెతకదు, వాటికి ‘ఫారిన్_కీ_చెక్’ అనే ప్రాగ్మా వేరే ఉంది. అప్పటినుంచి కనెక్షన్ తెరవడానికి ఒకే ఫంక్షన్ పెట్టుకుని, ఈ లైను అందులోనే రాశాను. ఇంకెక్కడా నేరుగా కనెక్ట్ పిలవను.

కాలమ్ రకాల విషయంలోనూ ఇదే తీరు. పేజీల సంఖ్య కాలమ్‌ని ఇంటీజర్ అనే ప్రకటించాను. అయినా ఎవరో టైప్ చేసిన ‘సుమారు 200’ అందులోకి వెళ్లిపోయింది. అన్నిటికన్నా లావు పుస్తకం ఏదని అడిగితే జవాబుగా అదే వచ్చింది! ఎస్‌క్యూలైట్ వరుసక్రమంలో టెక్స్ట్ ఎప్పుడూ సంఖ్యల తర్వాతే ఉంటుంది మరి. 2021లో వచ్చిన 3.37 వెర్షన్ నుంచి టేబుల్ నిర్వచనం చివర ‘స్ట్రిక్ట్’ అని రాస్తే ఇలాంటివి గుమ్మంలోనే ఆగిపోతాయి. కొత్త టేబుల్ ఏది కట్టినా ఆ మాట రాయకుండా వదలను.

ఇక క్వెరీలు. పేరుని క్వెరీ స్ట్రింగ్‌లో అతికించకుండా ప్రశ్నార్థకం గుర్తు పెట్టి విలువ విడిగా ఇవ్వడం నాకు మొదటినుంచీ అలవాటు. భద్రత సంగతి అలా ఉంచినా, పేరులో అపాస్ట్రఫీ ఉన్న పుస్తకం ఒక్కటి చాలు, అతికించిన క్వెరీ విరిగిపోవడానికి. అయితే విలువని టపుల్‌గా, అంటే బ్రాకెట్లలో పెట్టిన జాబితాగా ఇస్తే, ఒకటే విలువైనా దాని వెనక కామా ఉండాలి. ఒకసారి ఆ కామా మరిచి ‘సీత’ అని ఇచ్చాను. కావలసింది 1, ఇచ్చింది 3 అని ఎర్రర్. కంటికి రెండక్షరాలే కదా, మూడెక్కడివని కాసేపు తికమకపడ్డాను. స, దీర్ఘం గుర్తు, త. కామా లేకపోతే ఆ పదంలోని ఒక్కో యూనికోడ్ గుర్తునీ పైథాన్ ఒక్కో విలువగా లెక్కపెడుతుంది.

వేగం గురించి నాకు ఫిర్యాదు లేదు. వేల వరుసలు ఎక్కించేటప్పుడు ఒక్కోదానికీ కమిట్ చేస్తే (అప్పటికప్పుడు ఖాయం చేస్తే) నత్తనడకే, అన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టి చివర ఒకేసారి కమిట్ చేస్తే క్షణాల్లో అయిపోతుంది. వెతుకులాట నెమ్మదిస్తే క్వెరీ ఎలా నడుస్తుందో చెప్పే ‘ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్’ అడుగుతాను. ‘స్కాన్’ అని వస్తే ఆ టేబుల్‌ని మొదటినుంచి చివరిదాకా చదువుతోందని అర్థం. ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పట్టిక) కట్టాక అదే చోట ‘సెర్చ్’ కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది.

‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’ అన్న ఎర్రర్ మాత్రం నన్ను చాలా టెన్షన్ పెట్టింది. ఒక సమయంలో ఒక్కరే రాయగలరు, రెండోవారి కోసం పైథాన్ మామూలుగా 5 సెకన్లు ఆగి చేతులెత్తేస్తుంది. మార్పుల్ని ముందు వేరే ఫైల్లో రాసుకునే వాల్ (WAL) మోడ్‌కి మారాక, ఒకరు రాస్తున్నా మిగతావాళ్లు చదువుకోగలుగుతున్నారు. కానీ ఈ మోడ్‌లో ప్రోగ్రామ్ నడుస్తుండగా ఒక్క ఫైలు కాపీ చేసి బ్యాకప్ అనుకోకూడదు, కొత్త మార్పులు పక్కనున్న వాల్ ఫైల్లో ఉండిపోవచ్చు. నేను కనెక్షన్‌కి ఉన్న బ్యాకప్ మెథడ్‌నే వాడతాను.

వచ్చే నెల రెండో కౌంటర్ తెరుస్తున్నారు, అక్కడ వేరే కంప్యూటర్. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉన్న ఫైలుని రెండు కంప్యూటర్ల నుంచి వాడితే వాల్ మోడ్ పనిచేయదు. అందుకే అరువుల భాగాన్ని సర్వర్ మీద నడిచే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌కి మారుస్తున్నాను. పాత పుస్తకాల కేటలాగ్‌ని ఇప్పుడు ఎవరూ మార్చరు, వెతకడానికే వాడతారు. అది ఎస్‌క్యూలైట్‌లోనే ఉంటుంది.