ఏళ్ల వాడకం తర్వాత నా హోమ్ థియేటర్ రిసీవర్: వైర్ల సంగతి

పరికరాలన్నిటినీ తన దగ్గరికి రప్పించుకుని, ధ్వనిని స్పీకర్లకు ఇచ్చి, టీవీకి ఒకే ఒక్క కేబుల్ పంపేదే నా దృష్టిలో మంచి రిసీవర్. ఏళ్లుగా నేను వాడుతున్న 7.2 చానళ్ల (ఏడు స్పీకర్లు, బేస్ కోసం రెండు సబ్‌వూఫర్లు కలపగల) రిసీవర్ ఆ పని చక్కగా చేస్తోంది. అయితే కలపడం తేలికే కానీ, సెట్టింగులతోనే తిప్పలు.

బ్లూరే ప్లేయర్, గేమ్ కన్సోల్, సెట్‌టాప్ బాక్స్ మూడూ హెచ్‌డీఎంఐ కేబుళ్లతో నేరుగా రిసీవర్‌కే వస్తాయి. టీవీకి వెళ్లే కేబుల్ బొమ్మను అటు చేరవేస్తూ, టీవీ యాప్‌ల ధ్వనిని ఇటు తెస్తుంది. ధ్వనిని ఇలా వెనక్కి తెచ్చే సదుపాయం పేరు ఏఆర్‌సీ (ఆడియో రిటర్న్ చానల్). 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. సినిమాల్లోని 5.1 ధ్వని (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) దీంతో హాయిగా వినవచ్చు. కానీ టీవీకే నేరుగా పెట్టిన ప్లేయర్ నుంచి నాణ్యత తగ్గని డాల్బీ ట్రూహెచ్‌డీ ధ్వని కావాలంటే ఏఆర్‌సీకి మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ ఉండాల్సిందే. టీవీ మార్చాక ఆ తేడా నాకు స్పష్టంగా తెలిసింది. కేబుల్‌ను టీవీలో ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న సాకెట్‌కే పెట్టాలి. పక్క సాకెట్‌కు పెడితే బొమ్మ వస్తుంది కానీ యాప్‌ల ధ్వని రాదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఒకటుంది. పాత పరికరాలకు ఇబ్బంది రాకూడదని హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌లను తక్కువ సామర్థ్యంలో ఉంచి అమ్ముతారు. 4కే హెచ్‌డీఆర్ (ఎక్కువ స్పష్టత, వెలుగునీడల తేడా ఉన్న బొమ్మ) పూర్తిగా రావాలంటే మెనూ లోతుల్లోకి వెళ్లి మార్చుకోవాలి. ఇంత ముఖ్యమైన విషయం మొదటి పేజీలోనే చెప్పవద్దా?

స్పీకర్ వైర్లకు మాత్రం శ్రద్ధ కావాలి. ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారైతే బేస్ పలచబడుతుంది, మాటలు ఎటు నుంచి వస్తున్నాయో తెలియదు. రాగి తీగల్లో ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా రిసీవర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. తీగ చివర తొడిగి సాకెట్‌లో గుచ్చే బనానా ప్లగ్గులు బిగించాక నాకు ఆ బెంగ తీరింది. కొన్నేళ్లకు తీగ చివర నల్లబడితే ఆ ముక్క కత్తిరించి, తొడుగు కొత్తగా ఒలిచి బిగిస్తాను.

సబ్‌వూఫర్‌కు ఒకే కేబుల్, క్రాసోవర్ (ఏ హద్దు కింది ధ్వని సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్. అంతకు మించి దాని జోలికి పోలేదు. రికార్డ్ ప్లేయర్‌ను దాని కోసమే ఉన్న ఫోనో సాకెట్‌కే పెట్టి, సన్నని ఎర్త్ తీగను స్క్రూకు బిగిస్తే గుయ్‌మనే చప్పుడు పోయింది. పెదవుల కన్నా మాట ముందు వినిపిస్తే ఆడియో డిలే కొంచెం పెంచితే సరి. రిసీవర్ బాగా వేడెక్కుతుంది, దాని నెత్తిన మరో పెట్టె పెట్టకండి.

కొనే ముందు 4కే 120 హెర్ట్జ్‌ను (సెకనుకు 120 బొమ్మలు) పంపగల ఇన్‌పుట్‌లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. సాకెట్లన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ అన్నిటికీ ఆ శక్తి ఉండదు. నా దాంట్లో రెండే ఉన్నాయి. మరో కన్సోల్ వస్తే దాన్ని టీవీకే పెట్టి, ధ్వనిని ఈఏఆర్‌సీ మీదుగా రప్పించుకుంటాను.