పెట్రోల్ క్యాన్ కొంటున్నారా? "అనుమతి ఉంది" అన్న మాట నమ్మి మాత్రం కొనకండి

కారులో స్పేర్ పెట్రోల్ పెట్టుకుందామని ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ క్యాన్ చూస్తున్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. "పెట్రోల్ కోసం ప్రభుత్వ అనుమతి పొందినది" అని రాసి అమ్మిన పది లీటర్ల క్యాన్ మా కారు డిక్కీలో కారింది. అప్పుడు వెనక సీట్లో అమ్మా నాన్నా ఉన్నారు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. అలాంటి క్యాన్లు ఇంకా అమ్ముతూనే ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

2024 జనవరి 2న హైదరాబాద్ బంకుల దగ్గర క్యూలు గుర్తుండే ఉంటాయి. హిట్ అండ్ రన్ కొత్త చట్టం మీద ట్రక్కు డ్రైవర్లు సమ్మె చేస్తే, పెట్రోల్ దొరకదన్న భయంతో ఊరంతా రోడ్డెక్కింది. అప్పటినుంచి ఒక క్యాన్ దగ్గరుంటే మంచిదని నాకు తెలిసినవాళ్లు చాలామంది అంటున్నారు. మేం తరచుగా శ్రీశైలం వెళ్తుంటాం. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల అడవి, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. పెద్దవాళ్లను తీసుకుని ఆ దారిలో పెట్రోల్ అయిపోతే ఎంత టెన్షనో మీకే తెలుసు. అందుకే కొన్నాం. మామూలు క్యాన్ కన్నా దీని ధర దాదాపు రెట్టింపు. పెట్రోల్‌కని ప్రత్యేకంగా తయారైంది కదా అని ఇచ్చాం.

తుక్కుగూడ దాటాక ఒక బంకులో అడిగితే ఏమీ అనకుండా పోశారు. ఎండాకాలం, మధ్యాహ్నం. డిండి దగ్గరికి వచ్చేసరికి అమ్మ తల తిరుగుతోంది అంది. కిటికీలు దించినా వాసన పోలేదు. బండి పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, అమ్మానాన్నల్ని దూరంగా చెట్టు కింద కూర్చోబెట్టి డిక్కీ తీస్తే, క్యాన్ పొట్ట ఉబ్బిపోయి ఉంది. మూతలోని రబ్బరు వాషర్ మెత్తబడి పక్కకు జరిగింది. మ్యాట్ తడిసి, స్టెప్నీ ఉండే గుంటలోకి కూడా పెట్రోల్ దిగింది. అన్ని డోర్లూ తెరిచి, క్యాన్‌ను రోడ్డుకు దూరంగా పెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా స్టార్ట్ చేయలేదు. అటుగా వెళ్తున్న ఒకాయన సాయం చేద్దామని బీడీతోనే దగ్గరికి వస్తుంటే దూరం నుంచే కేకలు వేసి ఆపాల్సి వచ్చింది.

వాసనే కదా అనుకోకండి. పెట్రోల్ సున్నాకు నలభై డిగ్రీలు కింద ఉన్నా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, కిందే పేరుకుంటుంది. హ్యాచ్‌బ్యాక్ కారులో డిక్కీకీ వెనక సీటుకీ మధ్య ఉండేది ఒక పలచని ట్రే మాత్రమే. అంటే డిక్కీలో ఉన్న ఆవిరి మీ పిల్లలు కూర్చున్న చోట ఉన్నట్టే. పైగా వేడికి పెట్రోల్ పెరుగుతుంది. 20 డిగ్రీలు పెరిగితే పది లీటర్లకు దగ్గరదగ్గర 200 మిల్లీలీటర్లు. మే నెలలో మన ఊళ్లో బయటే 40 దాటుతుంది, ఎండలో మూసి ఉంచిన కారు లోపల ఇంకా చాలా ఎక్కువ. మూతదాకా నింపిన పలచని క్యాన్ అంత ఒత్తిడి తట్టుకోలేదు.

తిరిగి వచ్చాక తెలిసిన బంకు మేనేజర్‌కు ఖాళీ క్యాన్ చూపించాను. ఆయన తిప్పి అడుగు చూశారు. త్రికోణంలో 2 అంకె, పక్కన గ్లాసు, ఫోర్కు గుర్తు. అది తినే పదార్థాల ప్లాస్టిక్ అని చెప్పే గుర్తు. అనుమతి నంబరు ఎక్కడా లేదు. "ఇది నూనెకో నీళ్లకో సార్, పెట్రోల్‌కు కాదు" అన్నారాయన.

అమ్మినవాళ్ల జవాబు వినండి. ముందు "చట్టం 90 లీటర్ల దాకా ఒప్పుకుంటుంది సార్" అన్నారు. ఆ అంకె చట్టంలో ఉన్నదే, కానీ నేను అడిగింది పెట్రోల్ దేనిలో పెట్టాలని. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంతానికైతే 30 లీటర్ల దాకా పెట్రోల్‌కు లైసెన్సు అక్కర్లేదు. వాహన యజమానికి ట్యాంకులో ఉన్నది కాక 90 లీటర్ల దాకా మినహాయింపు ఉంది, కానీ 30 దాటితే మనుషులుండే గదులతో సంబంధం లేని విడి చోట నిల్వ చేయాలి. లైసెన్సు లేకుండా ఉంచుకునే పెట్రోల్ దేనిలో ఉండాలో కూడా అదే చట్టం చెబుతుంది. గట్టిగా మూత బిగించిన గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలో. గాజు, పింగాణీ అయితే ఒక లీటరు మించకూడదు, లోహమైతే 25 లీటర్లు. ప్లాస్టిక్ మాట ఆ జాబితాలోనే లేదు. 2002 పెట్రోలియం రూల్స్ ప్రకారం లీటరు దాటిన పెట్రోల్ పాత్ర నాగపూర్‌లో ఉన్న పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, ఆమోదించిన రకం అయి ఉండాలి. పైన కనీసం 5 శాతం ఖాళీ ఉంచాలి.

ఇవన్నీ చెబితే మాట మార్చారు. "క్యాన్‌లో ప్రమాదకరమైన ద్రవం పోశారు కాబట్టి వాపసు తీసుకోం" అన్నారు. పెట్రోల్ క్యాన్ అని అమ్మి, పెట్రోల్ పోసినందుకు వాపసు లేదట! నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తర్వాత చూస్తే ఆ పేజీలో "బహుళ ప్రయోజన క్యాన్" అని పేరు మార్చేశారు. పాత పేజీ ఫొటో నా దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది. మీరు ఏది కొన్నా ఆర్డర్ పెట్టిన రోజే పేజీ స్క్రీన్‌షాట్ తీసి బిల్లుతో కలిపి దాచుకోండి.

తప్పనిసరిగా కావాలంటే ఐదు లీటర్ల లోహపు జెర్రీ క్యాన్ చాలు. అనుమతి నంబరు క్యాన్ మీదే ఉండాలి, అట్టపెట్టె మీద స్టిక్కర్ లెక్కలోకి రాదు. నంబరు ఫొటో పంపమని కొనకముందే అడగండి. నింపేటప్పుడు డిక్కీలోంచి దించి నేల మీద పెట్టించండి. మ్యాట్ మీద ఉంచి పోస్తే స్టాటిక్ కరెంటుతో నిప్పురవ్వ పుట్టొచ్చు. వాటర్ బాటిల్‌లో మాత్రం అడగనే వద్దు. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును ఆఫీసులోనే పెట్రోల్ పోసి తగలబెట్టిన ఘోరం తర్వాత బాటిళ్ల విషయంలో మన బంకుల్లో పట్టింపు పెరిగింది. అక్కడ పనిచేసే కుర్రాడు పొయ్యను అంటే వాదించకండి, వాడు చేస్తున్నది సరైన పని.

నా మట్టుకు నేను ఇక క్యాన్ పెట్టుకోను. ఊరు దాటేముందు ట్యాంకు నింపుకుంటే శ్రీశైలం వెళ్లి రావడానికి మామూలు కారుకు చాలు. ఇంట్లో నెలల తరబడి దాచినా లాభం లేదు. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

ఇలాంటి క్యాన్ ఇప్పటికే మీ డిక్కీలో ఉంటే దాన్ని బండిలో తిప్పకండి. ఇంజన్ చల్లారాక, ఆరుబయట, గరాటుతో ఆ పెట్రోల్ కారు ట్యాంకులోనే పోసేయండి. మోరీలో మాత్రం పారబోయకండి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు ముందు ఆ షాపింగ్ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను రెండు చోట్లా ఫిర్యాదు పెట్టాను. క్యాన్ అడుగున ఉన్న గుర్తుల ఫొటో తప్పకుండా జతచేయండి.