కదలని కారుకు చార్జర్: 8 నెలలు వాడాక నా మాట

హైదరాబాద్‌లో మా ఇల్లు నాగోల్, ఆఫీసు రాయదుర్గం. మెట్రో ఎక్కితే రైలు మారే పని కూడా లేదు, అందుకే కారు వారమంతా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంటుంది, ఆదివారాలు కూడా చాలాసార్లు బయటికి తీయం. తిప్పకపోతే అరగదు కదా అనుకునేవాణ్ని. బ్యాటరీ విషయంలో అది పూర్తిగా తప్పు.

రెండేళ్ల కింద సంక్రాంతికి సూర్యాపేట బయల్దేరాం. రద్దీ మొదలవకముందే పంతంగి టోల్ దాటేద్దామని తెల్లవారుజామున 4:30కే సామానంతా సర్దుకుని కూర్చున్నాం. తాళం తిప్పితే టక్ టక్ టక్ అని చప్పుడు, మీటర్ లైట్లు ఒకసారి వెలిగి మసకబారి ఆరిపోయాయి. పక్క ఫ్లాట్ అంకుల్‌ని నిద్ర లేపి జంపర్ కేబుల్ పెట్టించుకుని బయల్దేరేసరికి ఆరైంది. పండగ అయ్యాక ఒక బ్యాటరీ షాపుకి తీసుకెళ్తే కనీసం మీటర్ కూడా పెట్టి చూడకుండా "పోయింది సార్, కొత్తది వేసుకోండి" అన్నారు. వేసుకున్నాను. ఏడాది దాటగానే ఆ కొత్తది కూడా అలాగే పడుకుంది. అప్పుడు గానీ లోపం బ్యాటరీది కాదు, నేను దాన్ని ఉంచుతున్న తీరుదని అర్థం కాలేదు.

మల్టీమీటర్ కొని కొలిచాను. బండి లాక్ చేసి కాసేపు ఆగాక కూడా 40 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది. గడియారం, అలారం, సెంట్రల్ లాక్, మనం తగిలించిన ట్రాకర్, ఇవన్నీ నిద్రపోవు కదా. లెక్క వేస్తే రోజుకి దాదాపు 1 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత ఇదే). నాది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అంటే రెండున్నర వారాల్లో సగం ఖాళీ. దీనికి తోడు ఎండాకాలం వేడికి బ్యాటరీ తనంతట తాను కూడా తొందరగా దిగిపోతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ, బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6, 12.7 వోల్టులు చూపించాలి, 12.2కి వచ్చిందంటే సగమే ఉన్నట్టు. నాది 11.9 దగ్గరుంది. అలా దిగిపోయిన దాన్ని వారాల తరబడి వదిలేస్తే సీసం పలకల మీద పేరుకున్న సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జ్ చేసినా పాత బలం రాదు. బ్యాటరీని చంపేది ఇదే.

ఇక చార్జర్ సంగతి. నేను కొన్నది 12 వోల్టుల, 5 ఆంపియర్ల స్మార్ట్ చార్జర్. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ రకం మంచి చార్జర్లన్నీ చేసే పని ఒకటే. మొదట గట్టిగా ఎక్కిస్తుంది, నిండే కొద్దీ కరెంటు తగ్గిస్తుంది, నిండాక 13.6 వోల్టుల దగ్గర నిలబెట్టి కారుతున్నంత మాత్రమే నింపుతుంది. పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ అయితే ఆపడం తెలియదు, రోజుల తరబడి వదిలేస్తే లోపలి నీళ్లు ఆవిరైపోతాయి. నా బ్యాటరీ రాత్రి పెడితే తెల్లారేసరికి ఆకుపచ్చ లైటు చూపించింది, పొద్దున సగం తిప్పగానే సెల్ఫ్ అందుకుంది. కొత్త బ్యాటరీ ఖర్చు తప్పింది! అప్పటినుంచి 8 నెలలుగా ఒక్కసారీ మొరాయించలేదు.

నాకు బాగా నచ్చింది దీనితో వచ్చిన చిన్న వైరు. దాన్ని టెర్మినల్స్‌కి శాశ్వతంగా బిగించి కొస బానెట్ ముందు గ్రిల్ దగ్గరికి లాగాను, ఇప్పుడు బానెట్ ఎత్తకుండానే తగిలించేస్తాను. క్లిప్పులతో పెట్టేవాళ్లు మాత్రం ముందు ప్లస్, తర్వాత మైనస్‌ని బ్యాటరీకి దూరంగా ఇంజిన్ దగ్గరి ఇనుముకి, చివర్లో స్విచ్, ఈ వరస తప్పకండి, చార్జ్ అయ్యేటప్పుడు వచ్చే గ్యాస్ అంటుకునే రకం. నచ్చనివీ ఉన్నాయి. వోల్టులు అంకెల్లో చూపించదు, అన్నీ లైట్లే. వైరు పొట్టి. ధర కూడా తక్కువేం కాదు.

అసలు చిక్కు ప్లగ్ పాయింట్. మా పార్కింగ్ స్తంభానికి పాయింట్ పెట్టించుకోవడానికి అసోసియేషన్‌తో మాట్లాడి, మా మీటర్ నుంచే లైన్ లాగించుకోవడానికి నెల పట్టింది. ఆ వీలు లేనివాళ్లు ఈ చార్జర్ కొనకండి. 10 నంబర్ పానాతో మైనస్ టెర్మినల్ విప్పి పక్కకి పెట్టండి, పైసా ఖర్చు లేదు. ముందు మైనస్సే విప్పాలి, ప్లస్ విప్పుతుండగా పానా బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి. గడియారం, రేడియో మళ్లీ సెట్ చేసుకోవాలి, అంతే. వాచ్‌మన్ అన్నతో రోజూ 5 నిమిషాలు స్టార్ట్ చేయించడం మాత్రం దండగ, నేనూ చేయించాను. స్టార్టింగ్‌కి పోయింది తిరిగి వస్తే గొప్ప, సెల్లార్ నిండా పొగ వేరే. దానికన్నా వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద 40 నిమిషాలు తిప్పి రండి.

ఒక్క జాగ్రత్త. చార్జర్ తగిలించినప్పుడల్లా ఒక ఎర్ర గుడ్డ స్టీరింగ్‌కి కట్టేస్తాను, నాన్న వచ్చి వైరు సంగతి తెలియక బండి తీసేస్తారేమోనని. మొన్న ఆయన ఆ గుడ్డ చూసి, కిందికి దిగి, ప్లగ్ తీసి, వైరు చుట్టి పక్కన పెట్టాకే బయల్దేరారు.