సంతకం ఎవరిదన్నదే అసలు ఆట: ఫుట్‌బాల్ మేనేజర్ 2024

నెల్లూరు వీఆర్ కాలేజీ మైదానంలో ఆదివారం పొద్దున్నే బంతి ఆడే మా బృందంలో ఈ ఆట సంగతి మొదట చెప్పినవాడు మా గోల్‌కీపర్. "అన్నా, ఇందులో బంతి తన్నే పనే లేదు, కూర్చుని లెక్కలు చూసుకోవడమే" అని అతను నవ్వుతూ అన్న మాటలో అబద్ధం లేదు. లండన్‌కు చెందిన స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ తయారు చేయగా 2023 నవంబరులో సెగా సంస్థ విడుదల చేసిన ఈ కంప్యూటర్ ఆటలో మనం ఒక క్లబ్బులో మేనేజరుగా చేరి, ఆటగాళ్లను కొనుక్కుంటూ, అమ్ముకుంటూ జట్టును నిలబెట్టుకోవాలి. సమీక్షలు రాసేవాళ్లు ఎక్కువగా మ్యాచ్ దృశ్యాల గురించీ, వ్యూహాల గురించీ రాస్తారు. మూడు సీజన్లు ఆడిన తరువాత నాకు మాత్రం దీని ప్రాణమంతా 'రెస్పాన్సిబిలిటీస్' అనే ఒక్క పేజీలోనే ఉందనిపించింది.

చూడటానికి ఆ పేజీ మండలాఫీసులో గోడకు అంటించిన పనుల పట్టికలా ఉంటుంది. కొనదగిన ఆటగాళ్లను వెతికేది ఎవరు, బేరమాడేది ఎవరు, చివరికి సరే అనేది ఎవరు, పాతవాళ్ల కాంట్రాక్టులు పొడిగించేది ఎవరు అన్న పనులు వరుసగా ఉంటాయి. ఒక్కో పనికి ఎదురుగా మేనేజరునో, క్లబ్బు తరఫున కొనుగోళ్లు చూసే డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్‌నో, మరొకరినో మనం ఎంచుకోవాలి. డబ్బు అదే, క్లబ్బు అదే అయినా, ఆ గడుల్లో పేర్లు మార్చితే రెండేళ్లకు తయారయ్యే జట్టు వేరు.

ఇంగ్లండు నాలుగో అంచె లీగులోని ఒక చిన్న క్లబ్బుతో మొదలుపెట్టి, మొదటి సీజన్లో అన్ని గడుల్లోనూ నన్నే పెట్టుకున్నాను. ఫలితంగా, ముప్పై ఒకటేళ్ల స్ట్రయికర్‌కు అతని ఫినిషింగ్ (గోల్ కొట్టే నేర్పు) అంకె చూసి ముచ్చటపడి మూడేళ్ల కాంట్రాక్టు రాసిచ్చాను. రెండో సీజన్లో బుద్ధి తెచ్చుకుని చివరి మాట డైరెక్టరుకు అప్పగించాను. నాకు కావలసింది ఒక అనుభవమున్న మిడ్‌ఫీల్డర్ కాగా, ఆయన ఇరవై ఏళ్లయినా నిండని లెఫ్ట్ బ్యాకులను (ఎడమవైపు రక్షణ ఆటగాళ్లను) ముగ్గురిని తెచ్చాడు. ఆయన మీద కోపంతో 'క్లబ్ విజన్' పేజీ తెరిస్తే అసలు సంగతి బయటపడింది: ఇరవై మూడేళ్లలోపు వాళ్లనే కొనాలని యాజమాన్యం అక్కడ రాసిపెట్టింది. నేను అడిగినది ఒకటి, యజమాని కోరినది మరొకటి, డైరెక్టరు విన్నది యజమాని మాట.

ఇందుకూరుపేట వైపు మా నాన్నగారికి రొయ్యల గుంటలు ఉండేవి. హ్యాచరీలో పీసీఆర్ అనే వైరస్ పరీక్ష రిపోర్టు చూసి సీడ్ (రొయ్య పిల్లలు) తీసుకోవచ్చో లేదో చెప్పవలసినవాడు టెక్నీషియన్; కానీ డబ్బు పెట్టేది తామే కనుక, ధర కలిసొస్తోందని ఒక ఏడు నాన్నగారు ఆయన మాట కాదని సీడ్ దించారు. నలభై రోజులకు వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చింది. తప్పు ఎవరిదో తేలడానికి మాత్రం మా ఇంట్లో నాలుగు నెలలు పట్టింది. ఆ లెఫ్ట్ బ్యాకుల ముగ్గురినీ చూసినప్పుడల్లా నాకు ఆ నాలుగు నెలలే గుర్తొస్తాయి.

పెద్ద క్లబ్బుల చరిత్ర తెలిసినవారికి ఈ పేజీ మరింత రుచిస్తుంది. మాంచెస్టర్ యునైటెడ్‌లో అలెక్స్ ఫెర్గూసన్, పరిపాలన చూసే డేవిడ్ గిల్ ఇద్దరూ 2013 వేసవిలోనే తప్పుకున్నారు. ఆ తరువాత బ్యాంకింగ్ రంగం నుంచి వచ్చిన ఎడ్ వుడ్‌వర్డ్ చేతికి పగ్గాలు వెళ్లాయి. ఆ క్లబ్బు మొట్టమొదటి ఫుట్‌బాల్ డైరెక్టరును నియమించుకున్నది 2021 మార్చిలో. ఈ మధ్యకాలంలో మోయెస్, వాన్ గాల్, మొరీన్యో, సోల్షర్ వరుసగా మేనేజర్లుగా వచ్చారు. ఒకరి అభిరుచికి కొన్న ఆటగాళ్లు మరొకరి బెంచీ మీద మిగిలారు. లివర్‌పూల్‌లో 2016లో స్పోర్టింగ్ డైరెక్టరు అయిన మైకేల్ ఎడ్వర్డ్స్ దారి వేరు. 2017లో కోచ్ క్లాప్ మనసు జూలియన్ బ్రాంట్ అనే ఆటగాడి మీద ఉంటే, ఎడ్వర్డ్స్ బృందం మొహమ్మద్ సలా పేరే పదేపదే ముందుపెట్టి ఆయన్ని ఒప్పించింది. ఆ సీజన్లో సలా ప్రీమియర్ లీగులో 32 గోల్స్ కొట్టాడు. అక్కడ కోచ్ అధికారం తగ్గిందని నేననుకోను; ఆయనకు ఎదురు చెప్పగలిగే కుర్చీ ఒకటి ఏర్పడింది, అంతే.

ఆ పోలికతో చూస్తేనే ఈ ఆటలోని లోపం కూడా కనబడుతుంది. మేనేజరుకు ఇక్కడ అధికారం మరీ ఎక్కువ. డైరెక్టరు చేసిన కొనుగోళ్లు నచ్చకపోతే ఆ గడిలో మళ్లీ నా పేరే పెట్టుకోవచ్చు, నన్ను అడిగేవాడు లేడు. నిజమైన క్లబ్బులో అలా చేయాలంటే ఎవరో ఒకరి ఉద్యోగం పోవాలి. మన ఒప్పుదల లేకుండా బోర్డు ఆటగాడిని అమ్మేసే సందర్భాలు ఉన్నాయి కానీ, బేరానికి ముందు నడిచే రాజకీయం, అలకలు, మధ్యవర్తుల రాయబారాలు తెరమీద పలచగానే కనిపిస్తాయి. యజమాని జేబు సంగతీ అంతే. 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ట్రోఫీ అందుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ, జీతాల బకాయిలతో రెండేళ్లు తిరగకుండానే జట్టులో చాలామందిని పోగొట్టుకుంది. ఆ దిగులు ఇందులో అంకెలుగా కనిపిస్తుందే కాని మనసుకు తగలదు.

కొనాలనుకునేవారికి రెండు మాటలు. తెలుగు లేదు, ఇంగ్లీషు చదివే ఓపిక కావాలి. 2025 సంచికను రద్దు చేసి, 2025 నవంబరులో నేరుగా 2026 సంచికను విడుదల చేశారు. ఆటగాళ్ల తాజా వివరాలు కావలసినవారు దాన్ని చూసుకోవచ్చు. గోల్ కొట్టిన సంబరం కోరుకునేవారికి దీన్ని నేను సిఫార్సు చేయను.

మూడో సీజన్లో వెతకడం స్కౌట్లకు (ఆటగాళ్లను చూసి వచ్చేవాళ్లకు), బేరం డైరెక్టరుకు, చివరి మాట నాకు అని పంచుకున్నాను. పట్టికలో ఆరో స్థానానికి వచ్చాము. నేను అడిగిన మిడ్‌ఫీల్డర్ సంతకం పెట్టబోతుండగా క్లబ్బు యాజమాన్యం చేతులు మారుతోందనీ, అది తేలేదాకా కొనుగోళ్లు ఆపాలనీ బోర్డు నుంచి సందేశం వచ్చింది. ఆటగాళ్లను కొనడానికి అనుమతించే జనవరి విండో మూసుకోవడానికి ఇంకా పది రోజులుంది. లెఫ్ట్ బ్యాకులు ముగ్గురూ నా దగ్గరే ఉన్నారు.