తెలుగు సబ్జెక్టు, 76 అక్షరాల లైను: హెడర్ మడతపై వాడుకరి సమీక్ష

గుంటూరు, విజయవాడ వ్యాపారులకు తెలుగులో మెయిళ్లు పంపే ప్రోగ్రాముల్లో హెడర్ మడతను ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట: పొడవైన హెడర్ లైన్లను (మెయిల్ మొదట్లో సబ్జెక్టు, పంపినవారి పేరు వంటివి ఉండే లైన్లు) మడతపెట్టే నియమం గట్టిది. చిక్కంతా దాన్ని సగం చదివి రాసిన కోడ్‌తోనే.

మెయిల్ రూపం ఎలా ఉండాలో చెప్పే 2008 నాటి ఇంటర్నెట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5322 ప్రకారం లైను 998 అక్షరాలు దాటకూడదు, 78 లోపు ఉంటే మేలు. పొడవైతే ఖాళీ ఉన్నచోట, ఆ ఖాళీకి ముందు విరవాలి. కొత్త లైను స్పేస్‌తోనో ట్యాబ్‌తోనో మొదలవుతుంది. చదివేటప్పుడు విరుపు పోతుంది, ఖాళీ మిగులుతుంది. ఇంగ్లిష్ సబ్జెక్టుకు ఇంతే.

తెలుగుకు మాత్రం, ఇంగ్లిష్ కాని అక్షరాలను మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులతో రాసి పంపే (ఎన్‌కోడ్ చేసే) పద్ధతి చెప్పే 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 కూడా కావాలి. ఎన్‌కోడ్ చేసిన ముక్క 75 అక్షరాలు, అది ఉన్న లైను 76 దాటకూడదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్‌-8లో మన అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు, ఆ బైట్లను ఇంగ్లిష్ అక్షరాలుగా రాసే బేస్‌64లో 4 అక్షరాలు. ముక్కకు ముందు 10, వెనక 2 అక్షరాలు తొడుగుకే (ముందు =?UTF-8?B? వెనక ?=) పోతాయి. మొదటి లైనులో ‘Subject’ అన్న పేరు, కోలన్, స్పేస్ కలిసి ఇంకో 9. అంటే 76లో మిగిలేది 55; బేస్‌64 నాలుగేసి అక్షరాల కట్టలుగానే వస్తుంది కాబట్టి అక్కడ పట్టేది 39 బైట్లే.

‘గుంటూరు మిర్చి యార్డు’ తీసుకోండి. ‘గుంటూరు’ 21, స్పేస్ 1, ‘మిర్చి’ 18, మొత్తం 40. కళ్లు మూసుకుని 39 దగ్గర కోస్తే ‘చి’లోని గుడికి రెండు బైట్లు ఇటు, ఒకటి అటు పడతాయి. ఒక్కో ముక్కను విడిగా డీకోడ్ చేస్తారు కాబట్టి తెరమీద ప్రశ్నార్థకాల డబ్బాలు కనిపిస్తాయి. పోనీ 40 పెడదామంటే లైను 77 అవుతుంది. ‘గుంటూరు’ తర్వాతే కోయడం మంచిది. ఆ స్పేస్‌ను తప్పనిసరిగా ముక్క లోపలే ఎన్‌కోడ్ చేయాలి. పక్కపక్క ముక్కల మధ్య ఖాళీని చదివే సాఫ్ట్‌వేర్ వదిలేస్తుంది, రెండు మాటలూ అతుక్కుపోతాయి.

ఒక్కో బైటును ‘=’తో మొదలయ్యే మూడు అక్షరాలుగా రాసే క్యూ ఎన్‌కోడింగ్ తెలుగుకు దండగ. ఒక్కో గుర్తుకు 9 అక్షరాలు, తొడుగుతో కలిపి ‘విజయవాడ’ ఒక్కటే 75 నింపేస్తుంది.

మడతలో ఉత్త ఖాళీలతో ఒక లైను మిగలనివ్వకండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు హెడర్ అక్కడితో అయిపోయిందనుకుని మిగతాది మెయిల్ లోపల పడేస్తాయి. మెయిల్ దారిలో మారలేదని చూపే డీకిమ్ సంతకంలో హెడర్లకు ‘రిలాక్స్‌డ్’ (మడత తేడాలను పట్టించుకోని పద్ధతి) పెట్టండి. ‘సింపుల్’ అయితే దారిలో ఏ సర్వరైనా మడత మార్చిందా, సంతకం చెల్లదు.