ఉద్యోగం మానేసి థ్రిల్లర్లు రాయాలా, చేస్తూనే రాయాలా?

మా మేనల్లుడు ఒడిశాలోని గుణుపురంలో బ్యాంకు ఉద్యోగి. ఉండేది పర్లాకిమిడిలోనే, మా వీధిలో. రైలు దొరికిన రోజు రైల్లో, లేకపోతే బస్సులో వెళ్ళొస్తాడు. రెండేళ్ళుగా తెలుగులో ఒక థ్రిల్లరు రాస్తున్నాడు. ఆమధ్య ఓ ఆదివారం వచ్చి, "మావయ్యా, రిజైన్ చేసేసి పూర్తిగా రాసుకోనా?" అనడిగాడు. వాళ్ళమ్మ, అంటే మా చెల్లెలు, గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తోంది. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

మానేసినవాళ్ళలో నాకు ముందు గుర్తొచ్చింది జాన్ గ్రీషమ్. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో లాయరు, అక్కడి శాసనసభ్యుడు కూడా. తెల్లారగట్ల ఐదింటికి లేచి, కోర్టు వేళలోపు రాసుకునేవాడు. మొదటి నవలకి మూడేళ్ళు పట్టింది. 1989లో 5,000 కాపీలు వేశారు, అవి కూడా కష్టంగానే కదిలాయి. రెండో నవల సినిమా హక్కులకి 6 లక్షల డాలర్లు పలికాకే ప్రాక్టీసు వదిలాడు. మన యండమూరి వీరేంద్రనాథ్ కూడా చార్టర్డ్ అకౌంటెంటు. బ్యాంకులో పనిచేసి, ఆ తర్వాతే పూర్తికాలం రచయిత అయ్యారు.

ఆ రోజులు వేరు. వారపత్రిక మా ఊరికి ఆలస్యంగా వచ్చేది. సీరియల్ ఎవరు ముందు చదవాలా అని నేనూ చెల్లీ కొట్టుకునేవాళ్ళం. ఆ పత్రికల్లో చాలావాటిని ఇప్పుడు మూసేశారు. ఒడిశాలో కూర్చుని తెలుగులో రాసేవాడు పబ్లిషరు కోసం విజయవాడో హైదరాబాదో వెళ్ళి వెతుక్కోవాలి. జీతం లేకుండా ఆ తిరుగుడు ఎన్నాళ్ళు?

చేస్తూనే రాసినవాడు స్కాట్ టురో. షికాగోలో ప్రభుత్వం తరఫున ప్రాసిక్యూటరు. ఆఫీసుకి వెళ్ళే రైల్లో కూర్చుని ఏళ్ళ తరబడి రాశాడు. 1987లో ఆ నవల వచ్చి బోలెడంత పేరూ డబ్బూ తెచ్చిపెట్టింది. అయినా వకీలు పని మానలేదు. చెయ్యని హత్యకి పదకొండేళ్ళు జైల్లో మగ్గిన ఒక మనిషి తరఫున ఫీజు తీసుకోకుండా పనిచేశాడు. ఆ మనిషి 1995లో బయటికొచ్చాడు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా గిడుగు రామమూర్తి పంతులుగారూ గుర్తొచ్చారు. ఈ ఊళ్ళోనే బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారాయన.

ఉద్యోగం వల్ల నష్టం లేదని అనను. మార్చి క్లోజింగ్ నెలలో మావాడు ఒక్క పేజీ రాయలేదు. థ్రిల్లరుకి అది పెద్ద దెబ్బ. ఏ పాత్రకి ఏ రహస్యం ఎంతవరకు తెలుసో రాసేవాడి బుర్రలో ఎప్పుడూ మెదులుతుండాలి. నెల్లాళ్ళు వదిలేస్తే దారం తెగిపోతుంది. ఆ విషయంలో మానేసినవాడిదే పైచేయి.

కానీ వాడి ఏడో అధ్యాయం చదివాక నా మనసు ఉద్యోగం చేస్తూనే రాయడం వైపు తిరిగింది. తాకట్టుకి ఒక ముసలమ్మ బంగారు గాజులు తెస్తుంది. బంగారం పరీక్షించే అప్రైజరు గీటురాయి మీద గాజు గీసి, యాసిడ్ చుక్క వేసి, గీత చెరుగుతుందా లేదా అని చూస్తాడు. తూకం వేసి, సంచీలో పెట్టి సీలు వేస్తారు. సంచీ స్ట్రాంగ్‌రూమ్‌లోకి వెళ్తుంది. ఆ గదికి రెండు తాళంచెవులు, రెండూ ఒకరి దగ్గర ఉండకూడదు, ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. మేనేజరు ఊళ్ళో లేని రాత్రి ఆ తలుపు తెరిచి ఉంది. అక్కడితో అధ్యాయం అయిపోయింది. నాకు ఒళ్ళు జలదరించింది. రోజూ ఆ గది ముందు నిలబడేవాడు గనకే అలా రాయగలిగాడు.

వారం తర్వాత వాణ్ణి పిలిచి చెప్పాను: "ఒరే నాన్నా, రెండో పుస్తకం డబ్బులు చేతికొచ్చేదాకా రాజీనామా మాట ఎత్తకు. మిగిలిన సెలవులన్నీ దాచిపెట్టి, ఆఖరి ప్రతి రాసేటప్పుడు ఒక్కసారే వాడుకో. ఏ పాత్రకి ఏం తెలుసో ఒక పేజీలో రాసి జేబులో పెట్టుకో, రైల్లో తీసి చూసుకుంటావు." చెల్లెలు లోపలికెళ్ళి టీ పెట్టింది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎనిమిదో అధ్యాయం వచ్చే ఆదివారం తెస్తానన్నాడు. ఆ రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఎంత అడిగినా చెప్పడం లేదు.